అన్నికాలాల్లోకీ గొప్ప యుద్ధ సినిమాలు: ఒక్కొక్కరు మూడే చెప్పాలి, సీను చూపించి మరీ

నేలటికెట్
ఇలాంటి జాబితాలు నెట్‌లో కుప్పలుతెప్పలు. అన్నిట్లో అవే పేర్లు, దాదాపు అదే వరస. ఎందుకు గొప్పో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ రెండు షరతులు. మూడుకి మించి చెప్పకూడదు. చెప్పినదానికి ఒక్క సీనైనా విప్పి చూపించాలి. "మాస్టర్‌పీస్ బ్రో" అని ఒక ముక్క రాసి పోతే ఆ ఓటు చెల్లదు.

నా మొదటిది "కమ్ అండ్ సీ" (1985). ఎలెమ్ క్లిమోవ్ తీసిన సోవియట్ సినిమా. కథ 1943లో, బెలారుస్‌లో. ఫ్ల్యోరా అనే కుర్రాడు ఇసుకలో తవ్వి తుపాకీ సంపాదించి, పెళ్లికి వెళ్తున్నంత సంబరంగా గెరిల్లా దళంలో చేరతాడు. తర్వాత గ్లాషా అనే అమ్మాయిని వెంటబెట్టుకుని సొంతూరికి వస్తాడు. ఇంట్లో ఎవరూ ఉండరు. పొయ్యిలో సూప్ ఇంకా వెచ్చగానే ఉంది. నేల మీద చెల్లెళ్ల బొమ్మలు పడున్నాయి. ఎక్కడ చూసినా ఈగల రొద. వాడు ఆ సూప్ తాగి, వాళ్లెక్కడ దాక్కున్నారో నాకు తెలుసంటూ పరుగు తీస్తాడు. వెనక పరుగెత్తుతున్న గ్లాషా ఒక్కసారి తల తిప్పుతుంది. ఇంటి వెనక గోడ వారగా శవాల గుట్ట. కెమెరా అక్కడ ఆగదు, ఆమెతో పాటే పరుగెత్తిపోతుంది. ఆమె చూసింది, మనం చూశాం, వాడు చూడలేదు. అక్కణ్ణుంచి బురద గుంటలో ఈదుకుంటూ పోతున్న వాణ్ణి చూస్తుంటే, ఈ సంగతి వీడికి ఎవరు చెప్తార్రా దేవుడా అనిపిస్తుంది.

రెండోది "పాత్స్ ఆఫ్ గ్లోరీ" (1957), కుబ్రిక్. ఫ్రెంచ్ సైన్యంలో పిరికితనం నేరం మీద ముగ్గురికి మరణశిక్ష పడుతుంది. తెల్లారితే కాల్చేస్తారు. వాళ్లలో ఒకడు బొద్దింకని చూసి, రేపీపాటికి మనం ఉండం, ఇది మాత్రం ఉంటుంది, నాకంటే ఇదే నా పెళ్లాంబిడ్డలకి దగ్గర అని బాధపడతాడు. పక్కవాడు టక్కున దాన్ని చరిచి చంపేసి, ఇప్పుడు నువ్వే ఒక మెట్టు పైన అంటాడు. నవ్వాలా ఏడవాలా తెలీదు. ఈ సినిమాని ఫ్రాన్స్‌లో 1975 దాకా వెయ్యలేదంటే ఎక్కడ తగిలిందో చూడండి.

మూడోది ఖాళీగా ఉంచుతున్నా. మీ మాటలు విన్నాక నింపుతా.

నైట్‌షో
అన్నా, నీ జాబితా చూస్తే యుద్ధ సినిమా అంటే ఏడుపు పరీక్షలా ఉంది. నా మూడు: "సేవింగ్ ప్రైవేట్ ర్యాన్", "1917", "ద గ్రేట్ ఎస్కేప్".

ర్యాన్‌లో అమెరికన్ సైన్యం నార్మండీ ఒడ్డున దిగే ఒమాహా బీచ్ సీను గురించి కొత్తగా చెప్పేదేముంది? తెగిపోయిన చెయ్యిని వెతుక్కుని, ఏదో జారిపోయిన వస్తువులా తీసుకుని నడిచిపోయే సైనికుడు ఒక్కడు చాలు. కెమెరామన్ కమిన్‌స్కీ లెన్సుల మీది పూత తీయించి, షటర్ కోణం తగ్గించి, అంటే ఒక్కో ఫ్రేము మీద తక్కువసేపు వెలుగు పడేలా చేసి తీశాడు. ఎగిరే మట్టి రేణువు కూడా అందుకే విడివిడిగా కనిపిస్తుంది. తర్వాత వచ్చిన యుద్ధ సినిమాల్లో సగం దీన్ని కాపీ కొట్టి బతికినవే.

గ్రేట్ ఎస్కేప్ (1963) చూడనివాళ్లు చూడండి. సొరంగం తవ్వుతారు సరే, ఆ మట్టి ఎక్కడ పొయ్యాలి? ప్యాంటులోపల సంచులు కట్టుకుని, జేబులోని తాడు లాగితే కాళ్ల దగ్గర మట్టి రాలేలా చేసి, తోటపని చేస్తున్నట్టు తొక్కుతూ పోతారు. చూస్తుంటే మనమే గార్డు కళ్లుగప్పుతున్నట్టు ఉంటుంది. ఈ సరదా కూడా యుద్ధంలో ఉన్నదే కదా.

సబ్‌టైటిల్ సుబ్బు
ర్యాన్ బీచ్ సీను గురించి ఒకటి. చివర్లో ఇద్దరు చేతులెత్తి ఏదో చెప్తూ బయటికి వస్తారు, అమెరికన్లు కాల్చేసి వెటకారం చేస్తారు. వాళ్లు మాట్లాడేది జర్మన్ కాదు, చెక్. మేం జర్మన్లం కాదు, ఎవర్నీ చంపలేదు అంటున్నారు. స్పీల్‌బర్గ్ కావాలనే దానికి సబ్‌టైటిల్ వెయ్యలేదు. కాల్చినవాడికి అర్థం కానిది మనకీ అర్థం కాకూడదన్నమాట. అంత హోరులో ఇంత చిన్న మెలిక దాచాడు చూడండి, నాకు ఆ సినిమా మీద గౌరవం దాంతోనే.

నా ఓటు మాత్రం ఒకే ఒక్కదానికి: "దస్ బూట్" (1981). జర్మన్ సబ్‌మెరైన్. మొదట్లోనే తెర మీద రాసేస్తారు, రెండో ప్రపంచయుద్ధంలో 40,000 మంది జర్మన్ సబ్‌మెరైన్ సైనికులు వెళ్తే 30,000 మంది తిరిగి రాలేదని. ఇంక సస్పెన్స్ ఏముందీ అనుకుంటాం. తీరా పైన శత్రువు ఓడ సోనార్, అదే శబ్దంతో నీళ్లలో జాడ పట్టే యంత్రం, "టింగ్... టింగ్" మంటూ దగ్గరికొస్తుంటే, లోపల ఉన్నవాళ్లంతా తలెత్తి పైకప్పు వంక చూస్తూ ఉండిపోతారు. చేసేది ఏమీ లేదు. వినడమే. ఆ ఇరుకు సందులో కెమెరామన్ యోస్ట్ వకానో చేతిలో కెమెరాతో మనుషుల మధ్య నుంచి దూసుకుపోతాడు. సెట్ గోడలు విప్పి సుఖంగా తీసిన షాట్లు కావవి.

ఇంటర్వెల్
బీచ్ అయిపోయాక ర్యాన్ మామూలు దళం కథే కదండీ? ఒక స్నైపరు, ఒక భయస్తుడు, ఒక మంచి కెప్టెను, ఆఖర్లో వంతెన దగ్గర పెద్ద ఫైటు, మొదట్లోనూ చివర్లోనూ జెండా. మొదటి అరగంట ఒకరు తీసినట్టు, మిగతాది ఇంకొకరు తీసినట్టు ఉంటుంది.

అదే 1998లో వచ్చిన "ద థిన్ రెడ్ లైన్" నా మొదటి ఎంపిక. దీన్లోనూ సైన్యం ఒడ్డుకి దిగుతుంది. అందరూ బిక్కచచ్చిపోయి ఉంటారు. దిగాక ఒక్క తుపాకీ కూడా పేలదు! నడుచుకుంటూ అడవిలోకి పోతారు. ఎప్పుడో చాలాసేపటికి, కొండవాలు దగ్గర, ఇద్దర్ని ముందుకి పంపుతారు. నడుం లోతు గడ్డి. రెండు చప్పుళ్లు, ఇద్దరూ గడ్డిలో మాయం. కాల్చినవాడు కనపడడు. వెంటనే మబ్బు తొలిగి ఆ గడ్డి మీద ఎండ పాకుతూ వస్తుంది. చచ్చినవాళ్లతో ఆ కొండకి ఏం పని? యుద్ధాన్ని ఇంత దూరం నుంచి చూసిన సినిమా ఇంకోటి లేదు. 7 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ దక్కలేదు. బెర్లిన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ ఇచ్చారు, అది వేరే సంగతి.

నైట్‌షో
ఆ సినిమాలో అందరూ మనసులో కవిత్వం చెప్పుకుంటారు. కాలుతున్న బంకరు ముందు నిలబడి ఎవడండీ అలా ఆలోచిస్తాడు?

ఇంటర్వెల్
కాలుతున్న బంకరు ముందు తమరు ఏం ఆలోచిస్తారో చెప్పండి, వింటాం.

పాప్‌కార్న్
"బోర్డర్" ఎవరూ చెప్పలేదేంటి?

నేలటికెట్
పాప్‌కార్న్ గారూ, సీను?

పాప్‌కార్న్
ఉత్తరాల పాట. ఎడారిలో అందరికీ ఇళ్ల నుంచి ఉత్తరాలొస్తాయి. చాలదా?

మూడో వరస
ఆ పాటకి ఓటు వెయ్యొచ్చు, ఒప్పుకుంటా. తర్వాతి సినిమా అంతా కేకలు. 1971లో లోంగేవాలాలో రాత్రంతా కొద్దిమంది ఆ పోస్టుని కాపాడుకున్న మాట నిజమే, కానీ ట్యాంకుల పని పట్టింది పొద్దున్నే వచ్చిన మన వాయుసేన హంటర్ విమానాలు. సినిమా అయ్యాక మన చెవుల్లో మిగిలేది సన్నీ డియోల్ గొంతు. హిందీలో నన్నడిగితే చేతన్ ఆనంద్ "హకీకత్" (1964). 1962లో ఓడిపోయిన యుద్ధం గురించి రెండేళ్లకే సినిమా తీయడానికి గుండె ధైర్యం కావాలి. గెలిచిన యుద్ధం మీద ఎవరైనా తీస్తారు.

మనవాటిల్లో "కంచె" (2015) గురించి మాట్లాడదాం. అంతర్జాతీయ జాబితాలో పెట్టమనడం లేదు. యుద్ధ దృశ్యాల్లో ఖర్చుకి వెనకాడినట్టు కొన్నిచోట్ల తెలిసిపోతుంది. కానీ ఆలోచన గట్టిది. బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో, ఇటలీలో, ఇద్దరు తెలుగువాళ్లు ఒకే వైపు నిలబడి పోరాడుతుంటారు. ఊళ్లో మాత్రం వాళ్ల మధ్య కులం కంచె. ముందు హిట్లర్ జాతి పిచ్చి, వెనక సొంతూరి కులపిచ్చి, రెంటినీ పక్కపక్కన పెట్టి కట్ చేస్తూ పోతాడు క్రిష్. ఎక్కడో జరిగిన యుద్ధాన్ని మన గడపలోకి తెచ్చిన తెలుగు సినిమా నాకు ఇంకోటి తగల్లేదు.

"ఘాజీ" (2017) కూడా నచ్చింది, దాదాపు అంతా సబ్‌మెరైన్‌లోపలే నడపడం సాహసం. అసలు ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ 1971 డిసెంబరులో విశాఖ దగ్గర ఎలా మునిగిందో రెండు దేశాలూ ఇప్పటికీ రెండు రకాలుగా చెప్తాయి. ఆ సందేహాన్ని కథలో వాడుకోకుండా మనవాళ్లు జాతీయగీతం పాడి శత్రువుని రెచ్చగొట్టే దారి పట్టారు. దస్ బూట్‌లోనూ పాట ఉంది. జర్మన్ కెప్టెన్ గ్రామఫోన్ మీద ఇంగ్లీషువాళ్ల సైనిక గీతం పెట్టిస్తే సిబ్బంది అంతా గొంతు కలుపుతారు, వాళ్లలో ఉన్న ఒకే ఒక్క వీర నాజీ ఆఫీసరు మొహం మాడిపోతుంది. ఒకచోట పాట దేశభక్తికి, ఇంకోచోట దేశభక్తి మీద చిరాకుకి.

బాక్సాఫీస్ బాబ్జీ
మూడో వరస గారూ, జాతీయగీతం సీనుకి హాలంతా లేచి నిలబడింది. సినిమా పని అది కాదా?

నిశ్శబ్దం
బాబ్జీ గారి ప్రశ్నే ఈ చర్చకి అసలు ప్రశ్న అనుకుంటున్నా. వియత్నాం యుద్ధం మీద కొపోలా తీసిన "అపోకలిప్స్ నౌ" (1979) అందరూ యుద్ధ వ్యతిరేక సినిమాల్లో వేస్తారు. అందులో హెలికాప్టర్లు వాగ్నర్ సంగీతం మోగించుకుంటూ ఊరి మీద పడతాయి. ఎందుకు? అక్కడ అలలు బావున్నాయి, కల్నల్‌గారి మనుషులు సర్ఫింగ్ చెయ్యాలి. కొపోలా ఉద్దేశం వెటకారమే. మరి 2005లో వచ్చిన "జార్‌హెడ్" చూడండి. గల్ఫ్ యుద్ధానికి పోబోయే మెరైన్లకి ఆ సీనే వేసి చూపిస్తారు. వాళ్లు ఈలలేస్తారు, రాగం తీస్తారు, కాల్చు కాల్చు అని అరుస్తారు. వాళ్లకి వెటకారం అందలేదు. హెలికాప్టర్లు అందాయి.

యుద్ధానికి వ్యతిరేకంగా సినిమా తీయడం సాధ్యం కాదు, తెర మీదికి రాగానే యుద్ధం ఆకర్షణ అయిపోతుందని ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫో అభిప్రాయం. నాకు అది మరీ అంత గుండుగుత్తగా అనిపించదు, కానీ ఈ సీనుకి మాత్రం అక్షరాలా వర్తిస్తుంది. అందుకే కమ్ అండ్ సీ వేరు. అది చూసి ఈలవేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నైట్‌షో
అంటే చూడబుద్ధి కాని సినిమానే గొప్ప సినిమా అంటారా? ఒకసారి చూసి, గొప్పది అని చెప్పి, మళ్లీ ముట్టుకోనిదాన్ని నంబర్ వన్‌లో పెట్టడం నాకు ఒప్పుదల కాదు.

నిశ్శబ్దం
మళ్లీ చూశాను నేను. రెండోసారి ఇంకా బాగా కనిపించింది, ఆ కుర్రాడి మొహం. మొదట్లో నున్నటి బుగ్గలు, చివరికి నుదుటి మీద ముడతలు, పెదాలు చిట్లి ముసలాడిలా అయిపోతాడు. కథ నడిచేది కొద్దిరోజులే. క్లిమోవ్ ఆ తర్వాత ఇంకో సినిమా తీయలేదు.

కోర్టుసీను
పెంటగాన్, అంటే అమెరికా రక్షణశాఖ సంగతి కూడా తెలుసుకోండి. "ప్లటూన్" (1986) తీసిన ఆలివర్ స్టోన్ స్వయంగా వియత్నాంలో పోరాడి వచ్చినవాడు, ఆయనకి సైన్యం సాయం చెయ్యలేదు. అపోకలిప్స్ నౌకీ చెయ్యలేదు, కొపోలా ఫిలిప్పీన్స్ సైన్యం హెలికాప్టర్లు తెచ్చుకుంటే, అవి అక్కడి తిరుగుబాటుదార్ల మీదికి పోవాల్సొచ్చి షూటింగ్ మధ్యలో ఎగిరిపోయేవి. "టాప్ గన్"కి మాత్రం నౌకాదళం విమానాలిచ్చింది. విమానం ఎవరిదో కథ కూడా కొంత వాళ్లదే.

నా నంబర్ వన్ "ద బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్" (1966). ఫ్రెంచి పాలన మీద అల్జీరియా తిరుగుబాటు గురించి పొంటెకోర్వో తీసింది. న్యూస్‌రీలు (హాళ్లలో వేసే వార్తాచిత్రం) ముక్క ఒక్కటీ వాడలేదు, చూస్తే అంతా న్యూస్‌రీలులాగే ఉంటుంది. ముగ్గురు అల్జీరియా ఆడవాళ్లు అద్దం ముందు జుట్టు కత్తిరించుకుని, ఫ్రెంచివాళ్లలా తయారై, బుట్టల్లో బాంబులు పెట్టుకుని చెక్‌పోస్టులు దాటతారు. మనం వాళ్ల వైపే. దాటేస్తే హమ్మయ్య అనుకుంటాం. తర్వాత ఒకామె కేఫ్‌లో కూర్చుని చుట్టూ చూస్తుంది. కెమెరా ఆమె కళ్లతో ఒక్కొక్క మొహం మీదా ఆగుతుంది. ఒక పసివాడు ఐస్‌క్రీమ్ నాకుతున్నాడు. హమ్మయ్య అన్న నోరు అక్కడ మూతపడుతుంది. బుట్ట బల్ల కిందికి తోసి ఆమె లేచి వెళ్లిపోతుంది.

వలసపాలన మీద తిరగబడ్డవాళ్లు దీన్ని చూశారు. 2003లో ఇరాక్ యుద్ధం నడుస్తుండగా పెంటగానూ తన అధికారులకి వేసి చూపించింది. రెండు పక్షాలూ పాఠం కోసం చూసిన సినిమా అంటే, ఎవరికీ అబద్ధం చెప్పలేదనే కదా.

సబ్‌టైటిల్ సుబ్బు
"ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్" మాట ఎత్తకుండా ఇంతదూరం వచ్చామా! మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైనికుల కథ, 1930ది చెప్తున్నా. ఆ ఏడాది డిసెంబరులో బెర్లిన్‌లో వేస్తే నాజీ నాయకుడు గోబెల్స్ మనుషులు హాల్లో తెల్ల ఎలుకల్ని వదిలారు, కంపుకొట్టే బాంబులు వేశారు. కొద్దిరోజుల్లోనే నిషేధం. సినిమాని చూసి నాజీలు అంత భయపడ్డారు. గుంటలో దిగబడ్డ కథానాయకుడు పాల్ తన మీద పడ్డ ఫ్రెంచి సైనికుణ్ణి పొడుస్తాడు, అతను వెంటనే చావడు. రాత్రంతా ఒకే గుంటలో ఇద్దరూ. తెల్లారేసరికి శవాన్ని క్షమించమని బతిమాలుకుంటాడు.

ఇంటర్వెల్
ఇదే కథని 2022లో జర్మన్లో మళ్లీ తీసిన సినిమాలో మొదటి పది నిమిషాలు దానికి ఏమాత్రం తీసిపోవు. చచ్చినవాడి యూనిఫారం ఊడదీసి, రక్తం కడిగి, కుట్టు మిషన్ మీద చిల్లులు కుట్టి, కొత్తగా చేరిన పాల్‌కి ఇస్తారు. మెడ దగ్గర వేరేవాడి పేరు చూసి, ఇది వేరేవాళ్లదండీ అని వెనక్కి ఇవ్వబోతాడు. అతనికి సరిపోయి ఉండదులే అని గుమస్తా ఆ పేరుముక్క చింపేస్తాడు. ఒక్క తూటా లేకుండా మొత్తం చెప్పేశాడు.

ముగింపు మాత్రం పాడుచేశారు. దీనికి మూలమైన నవలలో పాల్ ఏ విశేషమూ లేని రోజున పోతాడు, ఆ రోజు నివేదికలో చెప్పుకోదగ్గది ఏమీ లేదని రాస్తారు. కథ ప్రాణమంతా అందులో ఉంది. ఇక్కడ కాల్పుల విరమణకి పావుగంట ముందు పెద్ద దాడి పెట్టి, ఆఖరి నిమిషాల్లో చంపారు. గడియారం పెట్టి ఉత్కంఠ పెంచడం ఈ కథలో చెయ్యకూడని పని.

గోధూళి
పోరాటమే లేని యుద్ధ సినిమాలకి చోటుందా? ఉంటే "గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్" (1988). యానిమేషన్ అని పిల్లలతో కూర్చోకండి, ముందే చెప్తున్నా. జపాన్‌లో దీన్ని మొదట "మై నైబర్ టొటొరో"తో జంటగా ఒకే టికెట్ మీద వేశారు, ఆ ప్రేక్షకుల్ని తల్చుకుంటే జాలేస్తుంది. అన్నాచెల్లెళ్లు, ఒక పండ్ల చప్పరింపు బిళ్లల డబ్బా. బిళ్లలు అయిపోయాక అన్న ఆ డబ్బాలో నీళ్లు పోసి గిలకొట్టి చెల్లికి తాగిస్తాడు. ఆ పాప ఒక్కొక్క పండు రుచీ పేరు పెట్టి చెప్తుంది.

దీన్ని తీసిన తకహతా చిన్నప్పుడు ఒకయామా నగరం మీద జరిగిన బాంబుదాడి నుంచి తప్పించుకున్నవాడు. అయినా ఇది యుద్ధ వ్యతిరేక సినిమా కాదని ఆయనే అన్నాడు. నిశ్శబ్దం గారి లెక్కలోకి ఇది ఎలా వస్తుందో చూడాలి.

రెండోది "బ్యాలడ్ ఆఫ్ ఎ సోల్జర్" (1959), చుఖ్రాయ్. అల్యోషాకి 19 ఏళ్లు. భయంతోనే రెండు ట్యాంకులు పేల్చేస్తాడు. జనరల్ పతకం ఇస్తానంటే, అది వద్దు, ఇంటి పైకప్పు బాగుచేసి రావడానికి సెలవివ్వండి అంటాడు. దార్లో ఒక సైనికుడు తన భార్యకి ఇమ్మని సబ్బు ఇచ్చి పంపుతాడు. సబ్బే! ఆ రోజుల్లో దళం మొత్తానికి ఉన్న సబ్బు అది. తీరా వెళ్తే ఆ భార్య వేరొకడితో ఉంటోంది. అల్యోషా సబ్బు ఇచ్చి బయటికొచ్చేస్తాడు. మళ్లీ వెనక్కి వెళ్లి, తిరిగి లాక్కుని, దాడుల్లో ఇల్లు పోయి తలదాచుకుంటున్న ఆ సైనికుడి తండ్రికి ఇస్తాడు. మీ కోడలే పంపింది అన్నట్టు మాట్లాడతాడు, మీ అబ్బాయి అక్కడ హీరో అని లేనివన్నీ కల్పించి చెప్తాడు. తల్లిని చేరేసరికి సెలవు అయిపోయింది, కొన్ని నిమిషాలే మిగిలాయి. పైకప్పు అలాగే ఉండిపోతుంది.

కోర్టుసీను
పోరాటం ఉండాలని ఎక్కడుంది? పాత్స్ ఆఫ్ గ్లోరీలో దాడి కాసేపే. మిగతా అంతా గదుల్లో ఆఫీసర్లు మాట్లాడుకోవడమే, అసలు హింస అక్కడే ఉంది.

మూడో వరస
నైట్‌షో గారికీ నిశ్శబ్దం గారికీ మధ్య తగువు తీర్చే సినిమా ఒకటుంది, "ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వై" (1957). జపనీయుల చెరలో ఉన్న బ్రిటిష్ కల్నల్ శత్రువుకే వంతెన కట్టిపెడతాడు, క్రమశిక్షణ కోసం, పరువు కోసం. అటు వేరే దళం దాన్ని పేల్చడానికి వస్తుంది. మనకి వంతెన నిలబడాలనీ ఉంటుంది, కూలిపోవాలనీ ఉంటుంది. పొద్దున నది నీళ్లు తగ్గి పేలుడు తీగ బయటపడుతుంది, కల్నలే దాన్ని గుర్తుపట్టి వెతుక్కుంటూ పోతాడు. పట్టుకోకు పట్టుకోకు అని మనం లోలోపల అరుస్తాం, ఇంతసేపూ ఆయన పక్షాన ఉన్నవాళ్లమే. నైట్‌షో గారికి కావలసిన థ్రిల్లు పూర్తిగా ఇచ్చి, ఆ థ్రిల్లు ఎంత పిచ్చిదో ఆఖర్న ఆయన చేతే ఒప్పిస్తుంది. 7 ఆస్కార్లు వచ్చాయి. స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరూ కమ్యూనిస్టులన్న అనుమానంతో హాలీవుడ్ పనివ్వని నిషేధ జాబితాలో ఉండడంతో ఆ బహుమతి నవలా రచయిత పేరు మీద పోయింది, 1984లో గానీ వాళ్లకి దక్కలేదు. అప్పటికి ఇద్దరూ లేరు.

బాక్సాఫీస్ బాబ్జీ
క్వై నాకూ ఓకే. "లారెన్స్ ఆఫ్ అరేబియా" లెక్కలోకి వస్తుందా?

నేలటికెట్
వస్తుంది, అకాబా సీనుని విప్పి చూపిస్తే. నా మూడో ఖాళీలో సబ్బు సినిమా పెడుతున్నా. అందులో యుద్ధం చూపించింది మొదట్లో కాసేపే, అయినా కల్పించిన ఆ అబద్ధాలు వింటున్న ముసలాయన మొహం ముందు ఒమాహా బీచ్ నాకు చిన్నదైపోయింది.

నైట్‌షో
ఒమాహా బీచ్ చిన్నదవ్వడం ఏంటన్నా, మరీ చెప్తావు. నా మూడూ మారవు. 1917లో ఖాళీ పొలం దగ్గర దొరికిన పాలు సీసాలో పట్టుకుని, ఎంతో దూరం పోయాక నేలమాళిగలో ఉన్న పసిపాపకి ఇస్తాడు, దాని గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడలేదు, గుర్తుపెట్టుకుంటా. సబ్బు సినిమా మాత్రం చూస్తా. ఎంతసేపు ఉంటుంది?

గోధూళి
గంటన్నర. మధ్యలో ఆపకండి.